భూమి కింది రాజ్యానికి పట్టాభిషేకం

తూర్పు కొండల నడుమ, ఇప్పటివాళ్ళు పేరు కూడా మరిచిపోయిన ఒకానొక రాజ్యాన్ని ప్రచండవర్మ అనే రాజు ఏలుతుండేవాడు. ఆయన చెడ్డవాడేమీ కాడు. అడిగినవాడికి లేదనేవాడు కాడు, తప్పు చేసినవాణ్ణి కూడా ఒకసారి మందలించి వదిలేసేవాడు. కాని ఆయనకు బిరుదుల పిచ్చి. పండగకొక బిరుదు, పుట్టినరోజుకొక బిరుదు, వేటలో కుందేలు దొరికినా ఒక బిరుదు. భోజనానికి కూర్చుంటే వందిమాగధులు బిరుదులన్నీ చదివేసరికి వడ్డించిన అన్నం చల్లారిపోయేది. రాజు ఆ చల్లారిన అన్నమే తినేవాడు గాని ఒక్క బిరుదు తగ్గించనిచ్చేవాడు కాడు.

ఆయన కొలువులో మాచన అనే చమత్కారి ఉండేవాడు. రాజుకు పొద్దుపోనప్పుడు కబుర్లు చెప్పడం, కోపం వచ్చినప్పుడు నవ్వించడం అతని ఉద్యోగం. కొలువులో చేరకముందు మాచన ఊరూరా తిరిగి కథలు చెప్పుకు బతికేవాడు. అలా తిరుగుతూ ఒకసారి రాగిపల్లె దగ్గర మన్యం జ్వరంతో దారిలో పడిపోయాడు. రాగిపల్లె గని పనివాళ్ళ ఊరు. కొండను తొలిచి రాగి రాయి తవ్వడం, దాన్ని దంచి కడిగి కొలిమికి పంపడం వాళ్ళ వృత్తి. ముక్కూ మొహం తెలియని మాచనను వాళ్ళు మోసుకుపోయి, గవరమ్మ అనే ఆవిడ ఇంట్లో పడుకోబెట్టారు. గవరమ్మ రాయి కడిగే ఆడవాళ్ళకు పెద్ద. తన పిల్లలకు పెట్టే గంజిలోనే ఇంకొన్ని నీళ్ళు పోసి అతనికి తాగించింది. మాచన బతికి బట్టకట్టాడు. రాజుగారి పంక్తిలో పిండివంటలు తింటున్నప్పుడు కూడా అతనికి ఆ గంజి రుచే నాలుక మీద ఉండేది.

ఒక వానాకాలం గవరమ్మ రాజుగారి కొలువుకు వచ్చింది. ఆమె వెనక ఊరివాళ్ళు కొందరు చేతులు కట్టుకుని నిలబడ్డారు. మాచన ఆమెను చూడగానే లేచి ఎదురు వెళ్ళబోయాడు. ఆమె మొహం చూసి ఆగిపోయాడు.

"మహారాజా, మా గనిలో కప్పు కూలింది," అంది గవరమ్మ. "నా పెనిమిటి పోతన్న లోపల పడిపోయాడు. ఊరంతా చేతులతో మట్టి తీసి బయటికి లాగారు. ప్రాణం దక్కింది గాని కాలు నలిగిపోయింది. ఇంకో వాన గట్టిగా పడితే ఈసారి ఎవరు పోతారో తెలీదు."

"అయితే గని మూసెయ్యమంటావా?" అన్నాడు రాజు.

"మూసేస్తే మేం తినేదేముంది ప్రభూ? మాది రాతి నేల. గింజ వేస్తే గింజ రాదు. గనే మాకు పొలం. మేమడిగేది వేరే. కప్పుకి ఊతం పెట్టుకుందామంటే కర్ర లేదు. అడవి తమరిది, కొమ్మ విరిచినా దండన. దూలాలకు కాస్త కర్ర ఇప్పించండి. అప్పుడప్పుడు ఒక అధికారిని పంపించి లోపల ఎలా ఉందో చూడమనండి. ఇంకోటి. కొత్త రాయి కోసమని తమ మనుషులు వచ్చి మా ఊరి చుట్టూ జాడ గుంతలు తవ్వి, రాయి దొరకని చోటల్లా అలాగే వదిలేసి పోయారు. గొడ్లు పడి చస్తున్నాయి. వాటిని పూడ్పించండి."

రాజు పక్కన మంత్రి శరభయ్య కూర్చుని ఉన్నాడు. ఆయనకు ఖర్చు అనే మాట వింటే పంటి నొప్పి వచ్చేది. ఆయన రాజు చెవిలో ఏదో అన్నాడు. రాజు గొంతు సవరించుకున్నాడు.

"చూడమ్మా. నేను రాజును. నా రాజ్యం భూమి మీద ఉంది. మీరు భూమి కిందికి పోయి ఏం చేసుకుంటారో, కప్పు నిలుస్తుందో కూలుతుందో, దానికి నేనెలా పూచీ? భూమి కింద జరిగేదానితో నాకు సంబంధం లేదు."

గవరమ్మ ఇంకేదో చెప్పబోయింది. శరభయ్య లేచి, "ప్రభువులు సెలవిచ్చేశారు. ఇకమీదట కొలువులో గని ఊసు ఎత్తినవాళ్ళకు దేశబహిష్కారం," అని చాటించాడు.

మాచన ఆమె వెంట కోట బయటిదాకా నడిచాడు. గవరమ్మ ఏడవలేదు. మెట్టు మీద కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది.

"నీకు మాట రాకూడదని కొలువులో నిన్ను ఎరిగినట్టు ఏమీ అనలేదు తమ్ముడూ," అంది. "నువ్వు ఇక్కడ సుఖంగా ఉన్నావు. అలాగే ఉండు."

"బావ ఎలా ఉన్నాడక్కా?"

"మంచం మీద ఉన్నాడు. నొప్పి కంటే ఆయనకి బెంగెక్కువ. తనతో దిగే కుర్రాళ్ళు రేపు కూడా దిగుతారు కదా అని."

మాచనకు ఆ పాత రోజు గుర్తొచ్చింది. తనను మోసుకుపోయిన భుజాలు పోతన్నవే. ఊళ్ళో అడుగుపెట్టేదాకా ఆ మనిషి ఎక్కడా దించలేదని తర్వాత ఎవరో చెప్పారు.

"నువ్వు ఊరికి వెళ్ళు అక్కా," అన్నాడు చివరికి. "వాన ఎక్కువగా ఉన్న రోజుల్లో ఎవరినీ దిగనివ్వకు. మిగిలింది నేను చూస్తాను."

"గని ఊసెత్తితే దేశం వదిలిపోవాలి గదా."

"ఎత్తను," అన్నాడు మాచన.

కొన్నాళ్ళకు కోట సింహద్వారానికి కొత్తగా రాగి రేకు తాపడం చేయించారు. ఎండ పడితే తలుపులు నిప్పు రంగులో మెరిసేవి. రాజుకు వాటిని చూసుకోవడం ఎంత ఇష్టమంటే, ఆ ఉదయం కొలువును ద్వారం ముందే పెట్టించాడు. వచ్చినవాళ్ళందరూ తలుపులను పొగిడారు. మాచన మాత్రం తలుపు దగ్గరికి వెళ్ళి, తడిమి చూసి, దిగులుగా తల ఆడించి వచ్చి కూర్చున్నాడు.

"ఏం మాచనా, పనితనం నచ్చలేదా?" అన్నాడు రాజు.

"పనితనానికి వంక లేదు ప్రభూ. కాని ఇది దొంగసొత్తు. ఆ దొంగతనం బయటపడితే మనకు మాట వస్తుందేమోనని భయంగా ఉంది."

రాజు కనుబొమలు ముడిపడ్డాయి.

"ఎవరి సొత్తు?"

"అదే తెలియడం లేదు ప్రభూ. ఈ రాగి పుట్టింది భూమి కింద. తమ రాజ్యం భూమి మీద అని తమరే సెలవిచ్చారు. కింద జరిగేదానితో తమకు సంబంధం లేదన్నారు. అంటే కింద ఇంకెవరో రాజు ఉండాలి. ఆయన సొత్తు ఆయనకు చెప్పకుండా తెచ్చి మన గుమ్మానికి కొట్టుకున్నాం. రేపు ఆయన దూతలు వస్తే తలుపులు ఊడదీసి ఇవ్వాలి గదా."

శరభయ్యకు చెమట పట్టింది. ఇందులో గని అనే మాట ఎక్కడా లేదు. ఏమని ఆపాలో ఆయనకు తెలియలేదు.

రాజుకు మాత్రం కోపం వచ్చింది, తలుపులు తనవి కావన్న మాటకు. "భూమి కింద ఇంకో రాజేమిటి? పైనున్న నేల ఎవరిదో కిందున్న రాయీ వాళ్ళదే. కింద ఉన్నదంతా నాదే."

"నాకు తెలియదా ప్రభూ," అన్నాడు మాచన ఊరట పడ్డట్టు. "కాని లోకానికి తెలియాలి గదా. తమ బిరుదులన్నీ పైన ఉన్నవాటికే. ఏనుగులకు ఉంది, గుర్రాలకు ఉంది, సముద్రాన్ని మనం చూడకపోయినా సముద్రానికీ ఉంది. కింది రాజ్యానికి ఒక్క బిరుదైనా లేదు."

రాజు గడ్డం నిమురుకున్నాడు. "ఏం బిరుదు బాగుంటుంది?"

"అధోభువన సార్వభౌముడు."

ఆ మాటను రాజు మెల్లగా ఒకసారి, బిగ్గరగా ఒకసారి పలికి చూసుకున్నాడు. మొహం విప్పారింది. వెంటనే శాసనం వేయించమన్నాడు. ఆస్థాన పండితుడు లేచి నసిగాడు. "ప్రభూ, శాస్త్రంలో ఒక చిక్కుంది. పాదం మోపని నేలకు పట్టాభిషేకం చెల్లదు. తమరు ఒకసారి కిందికి దిగాలి."

మాచన ఆ పండితుడి ఇంటికి ముందురోజే వెళ్ళి వచ్చాడని గిట్టనివాళ్ళు తర్వాత అనుకున్నారు. వెళ్ళినా, శాస్త్రంలో లేనిది ఆయన చెప్పలేదు.

"దిగుతాను. దానికేం," అన్నాడు రాజు. "శరభయ్యా, ఏర్పాట్లు చూడు."

మంత్రి మొదటిసారిగా, ఆ రాగి పుట్టిన రాగిపల్లె గని చూడటానికి వెళ్ళాడు. సొరంగంలోకి పదడుగులైనా వెయ్యకముందే పైనుంచి మట్టి రాలి ఆయన పాగా మీద పడింది. బయటికి వచ్చి పాగా దులుపుకున్నాడు. ఖర్చు అంటే పంటినొప్పి వచ్చేది నిజమే. కాని రాజు నెత్తిన బండ పడితే తన తల ఏమవుతుందో ఆయనకు బాగా తెలుసు.

మర్నాటి నుంచి రాజుగారి అడవిలోంచి మద్ది దూలాలు బండ్ల మీద రావడం మొదలైంది. కోట కట్టిన వడ్రంగులు వచ్చి గనిలో అడుగడుగునా నిలువు స్తంభాలు నాటి, వాటి మీద అడ్డ దూలాలు ఎత్తారు. ఏ చోట రాయి పెళుసో, ఏ చోట నీరు ఊరుతుందో పోతన్న మంచం మీదనుంచే చెబుతుంటే, వడ్రంగులు తమకు తెలిసిన లెక్కతో కర్ర మందం నిర్ణయించారు. ఇద్దరి మాటా కలిసింది. ప్రభువుకు లోపల ఊపిరాడదేమోనని కొండపైనుంచి గాలి రావడానికి ఒక బావిలాంటి దారి తవ్వించారు. పల్లకి వచ్చే దారిలో బోయీలు గుంతలో పడితే ఎలా అని, ఊరి చుట్టూ ఉన్న జాడ గుంతలన్నీ పూడ్పించి పైన మట్టిని దిమ్మిసతో గట్టిగా కొట్టించారు. ప్రభువు ఆ ఊళ్ళో దాహం పుచ్చుకుంటారు గదా అని, గనిలోంచి వచ్చే పచ్చటి నీళ్ళు వాగులో కలవకుండా పక్కకు మళ్ళించి వేరే గుంటలో తేరనిచ్చారు.

గవరమ్మ ఇదంతా గట్టు మీద నిలబడి చూసింది. ఊరి ఆడవాళ్ళు వచ్చి, "ఏం జరుగుతోంది పెద్దమ్మా?" అని అడిగితే, "రాజుగారికి దిష్టి తగలకూడదు. ఎవరూ నోరెత్తకండి," అంది.

పట్టాభిషేకం రోజు మేళతాళాలతో రాజు వచ్చాడు. గని నోటి దగ్గర పల్లకి దిగాడు. తలమీద ఎత్తైన కిరీటం. సొరంగం కప్పు దానికంటే కిందికి ఉంది.

"ఎత్తు పెంచలేదేం?" అన్నాడు రాజు.

"పెంచితే కప్పుకి బలం పోతుంది ప్రభూ," అన్నాడు మాచన. "తల్లి కడుపులోకి పోతున్నాం. అమ్మ దగ్గర తల వంచితే చిన్నతనం కాదు."

రాజు ఒక్క క్షణం తటపటాయించి, కిరీటం తీసి సేవకుడికిచ్చి, తలకు ఉత్తరీయం చుట్టుకుని, వంగి లోపలికి నడిచాడు. ముందు కాగడా పట్టుకుని గవరమ్మ, పక్కన మాచన. శరభయ్య తనకు నడుం నొప్పి అని బయటే ఉండిపోయాడు.

లోపల మేళాలు వినబడలేదు. బిరుదులు చదివేవాళ్ళు ఆ ఇరుకులో పట్టరు. నీటి చుక్క పడుతున్న చప్పుడు, వాళ్ళ అడుగుల చప్పుడు, అంతే. పైన కొండంత బరువుందన్న సంగతి రాజుకు కొంచెం కొంచెంగా తెలిసివచ్చింది. ఒకచోట ఆగి దూలం మీద చెయ్యి వేశాడు.

"ఇది గట్టిదేనా?"

"గట్టిదే మహారాజా," అంది గవరమ్మ. "తమరు వస్తున్నారని వేసిందే."

"అంతకుముందు ఇక్కడ ఏముండేది?"

"ఏమీ లేదు ప్రభూ."

రాజు చెయ్యి దూలం మీదే ఉండిపోయింది. "నీ పెనిమిటి పడిపోయింది ఎక్కడ?"

గవరమ్మ కాగడా కొంచెం పక్కకు వంచింది. "తమరు నిలబడ్డచోటే."

ఆయన అక్కడినుంచి వెంటనే కదల్లేదు. నేలకేసి చూశాడు. కాసేపటికి, "పద," అన్నాడు నెమ్మదిగా. చివరిదాకా వెళ్ళి, కుడిపాదం మోపి, పండితుడు రాసిచ్చిన మంత్రం తనే చదువుకుని తిరిగి వచ్చాడు.

బయట ఎండలోకి రాగానే ఊరంతా దారికి ఇరుపక్కలా నిలబడి ఉంది. ముందు వరసలో కర్ర ఊతంతో ఒక మనిషి. అతను కుంటుకుంటూ రాజు దగ్గరికి వచ్చాడు. భటులు ఆపబోతే రాజు వద్దన్నాడు. పోతన్నకు బిరుదులేవీ తెలియవు. కర్ర కింద పడేసి రెండు చేతులూ జోడించాడు.

"మా కుర్రాళ్ళు ఇక నెత్తిన దూలం ఉండగా దిగుతారు. నువ్వు చల్లగుండాలి నాయనా," అన్నాడు.

వెనక నిలబడ్డ తల్లులు, పెళ్ళాలు కూడా చేతులు జోడించారు. ఎవరూ జేజేలు కొట్టలేదు. కాని అంత నిండైన పలకరింపు ప్రచండవర్మ తన కొలువులో ఏనాడూ వినలేదు. ఆయనే వంగి పోతన్న కర్ర తీసి అతని చేతికిచ్చాడు.

మాచనకు కళ్ళు చెమర్చాయి. కాని పని ఇంకా అయిపోలేదని అతనికి తెలుసు. శరభయ్య అప్పుడే రాజు దగ్గరికి చేరాడు.

"ప్రభూ, పట్టాభిషేకం శుభంగా ముగిసింది. ఇక ఈ దూలాలు ఊడదీయించి కోటకు పంపిస్తాను. తమ పుట్టినరోజు మంటపానికి పనికొస్తాయి. మంచి మద్ది."

రాజు ఏదో చెప్పేలోగా మాచన ముందుకు వచ్చాడు. "మంత్రిగారి మాట సబబే ప్రభూ. నాదొక చిన్న సందేహం. పైనున్న మన కోటలను చూడటానికి తమరు కబురు పెట్టి వెళతారా, పెట్టకుండా వెళతారా?"

ఇది రాజుకు ఇష్టమైన విషయం. "కబురు పెట్టి వెళితే ఏం తెలుస్తుంది? ముందురోజు దుమ్ము దులిపి, తుప్పు కత్తులకు నూనె రాసి చూపిస్తారు. చెప్పకుండా వెళ్ళడమే నా పద్ధతి. ఏ కోటకు ఏ రోజు వెళతానో శరభయ్యకు కూడా తెలియదు."

"అందుకే మన కోటలు అంత గట్టిగా ఉన్నాయి," అన్నాడు మాచన. "మరి ఈ కింది రాజ్యానికి?"

"దీనికీ అంతే. సార్వభౌముడికి పైనొక పద్ధతి, కిందొక పద్ధతి ఉంటుందా?"

"ఉండదు ప్రభూ. అయితే మంత్రిగారే చెప్పాలి. ప్రభువు ఏ రోజు దిగుతారో మనకు తెలియదు. తెలియనప్పుడు దూలాలు ఏ రోజు తియ్యవచ్చో అదీ తెలియదు. గుంతలు ఏ రోజు తెరవవచ్చో, వాగులోకి మురికి నీళ్ళు ఏ రోజు వదలవచ్చో తెలియదు. ఆ తెలియని రోజున ప్రభువు పాదం లోపల ఉండగా కప్పు కదిలితే, పూచీ ఎవరిది?"

శరభయ్య పాగా సవరించుకున్నాడు. "దూలాలు ఉండనిద్దాం," అన్నాడు నేలచూపులు చూస్తూ. "వానకు నానినవి మార్చడానికి కూడా ఏటేటా కొంత కర్ర ఇవ్వాల్సి ఉంటుంది."

రాజు మాచన వంకే చూస్తున్నాడు. తలుపుల దగ్గర మొదలైన మాట, బిరుదు, పండితుడి శాస్త్రం, ఈ దూలాలు, అన్నీ ఒకదాని వెనక ఒకటి ఆయన మనసులో వరసగా నిలబడ్డాయి. ఆయన పెదవులు అదిరాయి. కోపమేమోనని అందరూ భయపడ్డారు. ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. పొట్ట పట్టుకుని, పల్లకి కొయ్యకు ఆనుకుని, కళ్ళవెంట నీళ్ళు కారేదాకా నవ్వాడు.

"గని ఊసు ఎత్తకుండానే నన్ను గనిలోకి దింపావు," అన్నాడు. "ఎన్నాళ్ళనుంచి పన్నుతున్నావురా ఇదంతా?"

"పన్నింది తమరే ప్రభూ. చెప్పకుండా వెళ్ళే పద్ధతి తమదే గదా. నేను దానికి దారి చూపించానంతే."

"నీకేం కావాలో అడుగు."

"నాకు కావలసింది ఈ ఊరివాళ్ళు ఎప్పుడో ఇచ్చేశారు. ప్రాణం. ఆ రుణం నేను తీర్చలేను. ఇవాళ తమరు కొంచెం తీర్చారు. అదే పదివేలు."

రాజు నవ్వు ఆపి అతన్ని, పోతన్నను, గవరమ్మను మార్చి మార్చి చూశాడు. తర్వాత వంగి, తన కాళ్ళకున్న బంగారు తాపడం పాదుకలు తీసి మాచన చేతిలో పెట్టాడు.

"రాజ్యంలో ఎన్ని గనులున్నాయో అన్నింటికీ నేను దిగలేను. ఇకనుంచి ఇవి పట్టుకుని నువ్వు దిగితే నేను దిగినట్టే. చెప్పకుండా వెళ్ళు. లోటు కనిపిస్తే కావలసింది నా అడవి నుంచి, నా బొక్కసం నుంచి ఇప్పించు. తప్పు కనిపిస్తే నా పేరు మీద ఆపించు. కొత్తగా జాడ గుంత తవ్వేవాడు ఎవడైనా సరే, నా బావమరిదైనా సరే, పూడుస్తానని ముందు నీకు మాటిచ్చి గునపం పట్టాలి."

మాచన పాదుకలు నెత్తిన పెట్టుకున్నాడు.

గవరమ్మ రాజు ముందుకు వచ్చి, "మహారాజా, మా ఊరి గంజి తాగి వెళ్ళండి," అంది.

రాజు ఆ రాళ్ళ దారిలోనే ఒట్టికాళ్ళతో ఆమె వెంట నడిచాడు. రెండడుగులకొకసారి గులకరాయి గుచ్చుకునేది. గుచ్చుకున్నప్పుడల్లా ఆయన ఆగి, "ఇది కూడా నాదేనా మాచనా?" అనేవాడు.

"తమదే ప్రభూ," అనేవాడు మాచన. దానికి రాజు మళ్ళీ నవ్వేవాడు. ఆయన వెంట ఊరూ నవ్వింది.